జంట కుర్చీ

హైమవతి చేతిలోంచి బీకరు జారిపడడం ఆ నెలలో అది మూడోసారి. ఉప్పాడ దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న రొయ్య పిల్లల హేచరీలో ఆమె పదకొండేళ్లుగా ల్యాబు చూస్తోంది. తొట్టెలోంచి తీసిన నీటిలో వెంట్రుకంత పిల్లలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం, వాటికి జబ్బేమైనా ఉందేమో మైక్రోస్కోపు కింద చూడడం ఆమె పని. ఆ ఉదయం బీకరు పట్టుకుని బల్ల వైపు నడుస్తూండగా కుడిచేతి బొటనవేలు లేకుండా పోయింది. చూస్తే ఉంది. గోరుతో సహా ఉంది. కానీ పట్టులో లేదు. మిగిలిన నాలుగు వేళ్లూ గాజుని ఆపలేక వదిలేశాయి.

మేనేజరు వచ్చి చూసి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ఆమె లెక్కపెట్టిన నీటినే ఇంకో అమ్మాయి మళ్లీ లెక్కపెట్టడం మొదలైంది. ఎందుకని హైమవతి అడగలేదు. అడిగితే చెబుతారని భయం.

వేలు మాయమవడం ఒక ఎత్తు. తిరిగి వచ్చేటప్పుడు పడే బాధ ఇంకొక ఎత్తు. రెండు బరువైన వస్తువుల మధ్య ఇరుక్కుని, వెనక్కి వంగి, నలిగిపోతున్నట్టుండేది. ఆ సమయంలోనే ముక్కుకి ఒక వాసన తగిలేది. తియ్యగా, మాడుతున్నట్టు, ఏదో చిక్కగా ఉడుకుతున్న వాసన. పక్కనున్న వాళ్లకి వచ్చేది కాదు. ఇక బరువైనదేదైనా దొర్లుతున్న చప్పుడు వింటే చాలు, కుడిచేతిని గభాల్న వెనక్కి లాగేసుకునేది.

మూడేళ్లుగా ఇదే. కాకినాడ, రాజమండ్రి, హైదరాబాదు తిరిగింది. తొమ్మిది మంది డాక్టర్లు చూశారు. మెదడు స్కానింగ్, మెడ స్కానింగ్ తీశారు. నరాల్లోకి కరెంటు పంపి చూశారు. ఒకాయన మెడ ఎముక అరిగిందన్నాడు, స్కానింగ్‌లో అరగలేదని తేలింది. ఇంకొకాయన ఆ వాసన సంగతి విని మూర్ఛ కావచ్చని మాత్రలిచ్చాడు. ఆరు నెలలు మత్తుగా తిరిగిందే గాని వేలు మాయమవడం మానలేదు. ఆఖరి డాక్టరు ఆమె భర్తని బయటికి పంపి, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని ఆమెను మెల్లగా అడిగాడు. తర్వాత ఆమెను బయటికి పంపి, భర్తని కూడా అదే అడిగాడు.

భర్త వీరభద్రం పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. కాకినాడ హార్బరు దగ్గర షెడ్డు ఉంది. చప్పుడు వస్తోందంటే ఎక్కడో ఒక భాగం చెడి ఉండాలని నమ్మే మనిషి. భాగాలన్నీ బాగున్నాయని తొమ్మిది మంది కాగితం మీద రాసిచ్చాక, అతని నమ్మకం వేరే దారి పట్టింది. ఆమె గరిట పట్టుకున్నప్పుడు, జడ వేసుకుంటున్నప్పుడు అతని చూపు తన చేతి మీదే ఉండడం హైమవతి గమనిస్తూనే ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెరట్లో గిన్నెలు తోముతూంటే, వెనకాల సిమెంటు నేల మీద ఏదో దొర్లింది. ఆమె చేతిని గుండెకి హత్తుకుని ముడుచుకుపోయింది. ఊపిరి అందాక తల తిప్పి చూసింది. ఖాళీ డీజిల్ డ్రమ్ము గోడకి తగిలి ఆగి ఉంది. వీరభద్రం డ్రమ్ము వైపు కాదు, ఆమె ముఖం వైపు చూస్తున్నాడు. డ్రమ్ముతో అతనికి ఆ వేళ పనేమీ లేదు.

"నిజమో కాదో చూశారా?" అంది.

అతను వెళ్లి డ్రమ్ముని నిలబెట్టాడు. "నేనొక్కణ్ణే కాదు కదా హైమా. అంతమంది డాక్టర్లు ఏమీ లేదంటంటే నేనేం అనుకోవాలి చెప్పు," అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె విశాఖపట్నం వెళ్దామంది.

విశాఖలో డాక్టర్ పరాంకుశం నడిపే నాడీ పరిశోధన కేంద్రం ఆమెకి కొత్త కాదు. మూడేళ్ల క్రితం ఆమె చూపుని నిలబెట్టింది అదే. అప్పట్లో తలనొప్పి, కళ్ల ముందు మసక. అందరూ పార్శ్వపు నొప్పన్నారు, కళ్లజోడు మార్చారు. ఎవరో చెబితే పరాంకుశం దగ్గరికి వెళ్లింది. అక్కడొక యంత్రం ఉంది. దానికి పెద్ద పేరేదో పెట్టారు గాని, పనిచేసేవాళ్లంతా జంట కుర్చీ అంటారు. ఒక కుర్చీలో రోగి. నల్ల తెరకి అవతల ఇంకో కుర్చీలో కేంద్రం తాలూకు మనిషి. ఇద్దరి తలలకీ పట్టీలు. రోగి మెదడులో బాధ ఏ రూపంలో నడుస్తోందో యంత్రం పట్టుకుని, అవతలి మనిషికి పలచగా అందిస్తుంది. రోగి నోటితో చెప్పలేనిదాన్ని అతను అనుభవించి, మాటల్లో చెబుతాడు.

ఆ రోజు తెర వెనకనుంచి వచ్చిన మాటలు హైమవతికి ఇప్పటికీ గుర్తే. "కంటిగుడ్డుని లోపల్నించి ఎవరో తోస్తన్నట్టుంది. తల వంచితే సీకటి కమ్మేస్తంది. ఇది ఉత్త తలనొప్పి కాదండి." పరాంకుశం వెంటనే వెన్నులో సూది వేయించి చూశాడు. మెదడు చుట్టూ ఉండే నీటి ఒత్తిడి రెట్టింపు ఉంది. ఇంకో నెల ఆలస్యమైతే చూపు పూర్తిగా పోయేదన్నాడు. వైద్యం జరిగింది, కళ్లు దక్కాయి. అంతకంటే పెద్దది ఇంకొకటి జరిగింది. ఆమె బాధని ఒక మనిషి నమ్మాడు. ఆ మనిషి ముఖం చూడాలని అడిగితే, అది కేంద్రం నియమాలకి విరుద్ధమన్నారు.

తలనొప్పికి వెళ్లిన చోటు చేతికి పనికిరాదనుకుని ఇన్నాళ్లూ అటు తిరగలేదు. ఇప్పుడు మళ్లీ అక్కడికే వెళ్లింది, మళ్లీ నమ్ముతారన్న ఆశతో.

కౌంటరు దగ్గర నర్సు పాత ఫైలు తీసింది. ఈ కొత్త బాధ ఎప్పట్నుంచి అని అడిగితే, ఇక్కడ కుర్చీలో కూర్చున్న రెండు నెలలకి మొదలైందని హైమవతి మామూలుగానే చెప్పింది. నర్సు కలం ఆగింది. ఫైలు తీసుకుని లోపలికి వెళ్లింది. పావుగంటకి ఇంకో కాగితంతో తిరిగొచ్చింది. కేంద్రం సిబ్బందిని బయట కలుసుకోననీ, మాట్లాడననీ సంతకం పెట్టమంది. పోయినసారి ఈ కాగితం లేదే అని హైమవతి అడిగితే, ఇప్పుడు అందరికీ ఉందని చెప్పింది. పక్కనే సంతకం పెడుతున్న ముసలాయన ముందు అలాంటి కాగితమేదీ కనిపించలేదు.

కుర్చీ అదే, తెర అదే. పట్టీ తగిలించారు. యంత్రం సన్నగా మోగింది. హైమవతి కళ్లు మూసుకుంది. అదృష్టమో దురదృష్టమో, సరిగ్గా అప్పుడే వేలు మాయమైంది. వెంటనే నొప్పి మొదలైంది.

"కుడి చెయ్యి," అంది తెర వెనక గొంతు. అదే గొంతు. "బొటనేలు... బొటనేలు కాడ..."

అక్కడితో ఆగిపోయింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. అటువైపు మనిషి పరుగెత్తి వచ్చినవాడిలా ఊపిరి పీలుస్తున్నాడు. పరాంకుశం అటు వెళ్లాడు. గుసగుసలు వినిపించాయి. తర్వాత ఆ గొంతే, ఈసారి ఎండిపోయి, "ఏటీ లేదండి. నాకేటీ తెలీలేదు," అంది.

పరాంకుశం తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అరవై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. యంత్రానికి ఏమీ అందలేదనీ, మనసుకి విశ్రాంతి కావాలనీ చెప్పాడు. రిపోర్టు మీద "అసాధారణత ఏదీ లేదు" అని రాసి సంతకం పెట్టాడు. రాస్తున్నంతసేపూ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. ఇదివరకు తొమ్మిది మంది డాక్టర్లు ఆమెను నమ్మక తల దించుకున్నారు. ఈయన అందుకు తల దించుకోలేదనిపించింది హైమవతికి.

బయటికి వచ్చాక వీరభద్రం సాయంత్రం బస్సుకి పోదామన్నాడు. ఆమె కదల్లేదు. ఆ తెర వెనక మనిషి అబద్ధం చెప్పాడని, అతను కనిపించేదాకా రానని అంది. ముఖం కూడా తెలియని మనిషిని ఎలా పట్టుకుంటావని వీరభద్రం అడిగితే, గొంతు తెలుసు కదా అంది.

కేంద్రం వెనక గేటు ఎదురుగా టీ బడ్డీ ఉంది. ఇద్దరూ అక్కడి బల్ల మీద కూర్చున్నారు. అయిదు దాటాక సిబ్బంది ఒకరొకరే వచ్చి టీ తాగి వెళ్తున్నారు. హైమవతి ఎవరి ముఖమూ చూడలేదు, మాటలు వింటూ కూర్చుంది. చివరికి, "పంచదార తగ్గించి ఒకటియ్యండి," అన్న గొంతు వినిపించింది. యాభై ఏళ్ల మనిషి, నెరిసిన తల. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

ఆమె లేచి వెళ్లి ఎదురుగా నిలబడింది. "పొద్దున్న తెర వెనకాల మీరే కదండీ," అంది.

అతను గేటు వైపు చూశాడు. "మాటాడకూడదమ్మా. సంతకం ఎట్టారు కదా," అన్నాడు.

"పెట్టాను. ఏమీ లేకపోతే మీ గొంతెందుకు ఆగిపోయిందండీ?"

అతను టీ గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాడు. కాలినట్టుంది, ఆసరాకని జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. దానికి బొటనవేలు లేదు. ఉండాల్సిన చోట పాత గాయం నున్నటి బుడిపెలా మిగిలి ఉంది.

హైమవతి తన చేతిని చూసుకుంది, అతని చేతిని చూసింది, బల్ల మీద కూర్చుంది. ఎలా పోయిందని మాత్రం అడగగలిగింది.

అతని పేరు కోటిలింగం. అనకాపల్లి పక్కన చిన్న ఊరు. పంతొమ్మిదేళ్ల వయసులో చెరకు క్రషరుకి గడలు అందిస్తూంటే చెయ్యి లోపలికి పోయిందట. అతను అంతవరకే చెప్పాడు. మిగిలింది హైమవతి చెప్పింది. రెండు ఇనుప రోలర్లని, వేలు ముందు వెనక్కి వంగి ఆ తర్వాత నలిగిందని, పక్కనే పెనంలో పాకం ఉడుకుతోందని. సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగిన ఆమె ఏనాడూ బెల్లం వండే చోటికి వెళ్లలేదు. మూడేళ్లుగా ముక్కుకి తగులుతున్నది బెల్లప్పాకం వాసనని ఆమెకి అప్పుడే తెలిసింది.

కోటిలింగం టీ గ్లాసు కింద పెట్టేశాడు. "అవునమ్మా," అన్నాడు. ఆమె చేతి వైపు చూపించి, "నా ఏలు మీ కాడుంది," అన్నాడు.

తర్వాత తనే అంతా చెప్పుకొచ్చాడు. తెగిపోయిన వేలు తెగిపోయినట్టే ఊరుకోలేదట. లేనిచోటే ఇరవై ఏళ్లు నలుగుతూ ఉండేదట. పరాంకుశం అతన్ని ఈ పనికి ఎంచుకున్నదే అందుకు. లేని వేలిని పట్టుకోగలిగే మెదడు పరాయి మనిషి బాధని కూడా పట్టుకోగలదని డాక్టరు నమ్మకం. అది నిజమే అయింది. ఎందరివో జబ్బులు బయటపడ్డాయి. ఈలోగా ఇంకో వింత జరిగింది. ఏడాదికేడాదీ అతని వేలినొప్పి తగ్గుతూ వచ్చింది.

"దేముడి దయ అనుకున్నాను. రోగుల దీవెన అనుకున్నాను," అన్నాడు కోటిలింగం. "డాక్టరుగారికి సెప్తే రాసుకున్నారు. బయట అనొద్దన్నారు. నాను సంతోషపడ్డాను గాని, అదెటెల్తందని ఆలోసించలేదమ్మా. ఇయ్యేళ మీలో దాన్ని సూసేసరికి భయమేసింది. లేదనేసేను."

అంతవరకూ వింటూ కూర్చున్న వీరభద్రం ముందుకి వంగాడు. అతని ముఖంలో మూడేళ్లుగా లేని తెలివిడి కనిపించింది. "ఇటునుంచి అటు మాత్రమే వెళ్లాలంటే మధ్యలో వాల్వుండాలి. వాల్వు లేని పంపు రెండువైపులా తోస్తది," అన్నాడు. అన్నాక భార్య వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. డ్రమ్ము ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

మర్నాడు ఉదయం ముగ్గురూ పరాంకుశం గదిలోకి వెళ్లారు. కోటిలింగాన్ని వాళ్లతో చూడగానే డాక్టరుకి విషయం అర్థమైంది. బుకాయించలేదు. తలుపు వేసి కూర్చోమన్నాడు.

రెండేళ్ల క్రితమే తనకి అనుమానం వచ్చిందని ఒప్పుకున్నాడు. ఆ కుర్చీలో ఇప్పటివరకు ఆరువందల నలభై మంది కూర్చున్నారు. వాళ్లలో హైమవతితో కలిపి ముప్పై ఒక్కరు కుడి బొటనవేలి బాధతో తిరిగి వచ్చారు. అది అటునుంచి ఎలా దాటుతోందో పట్టుకోవాలని ప్రయత్నిస్తున్నాడు, ఇంకా దొరకలేదు. అందుకే, అలా తిరిగి వచ్చినవాళ్లలో మొదటిసారిగా ఆమెను మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టాడు.

"వాళ్ల రిపోర్టుల్లో ఏం రాశారండీ?" అని హైమవతి అడిగింది.

"మీకు రాసిందే."

ఆమె కళ్ల ముందు ముప్పై ఒక్క ఇళ్లు కదిలాయి. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు వెనకాల నిలబడి, వాళ్ల చేతిని, ముఖాన్ని పరీక్షగా చూస్తూ ఉండి ఉంటారు. మీకేమీ లేదని రాసిన కాగితం ప్రతి ఇంట్లోనూ బీరువాలో ఉండి ఉంటుంది. తన నొప్పి కంటే ఆ కాగితమే తనని ఎక్కువ నలిపిందని ఆమెకి ఆ క్షణంలో తెలిసింది.

పరాంకుశం ఇంకో దారి చూపించాడు. యంత్రాన్ని తిరగేసి నడిపితే, ఆమెకి వెళ్లినదాన్ని కోటిలింగానికి తిరిగి పంపవచ్చట. ఒక్కసారి కూర్చుంటే సరిపోవచ్చు. బదులుగా, లోపం సరిచేసేదాకా ఈ సంగతి నలుగురిలో పెట్టవద్దన్నాడు. ఇదివరకు ఎవరికైనా చేశారా అని హైమవతి అడిగితే, లేదన్నాడు. ఆ మాటలో కూడా ఆమెకి అనుమానమే కలిగింది. నయం చేస్తానంటున్నాడా, నోరు కొంటున్నాడా తేల్చుకోలేకపోయింది.

కోటిలింగం మాత్రం కుర్చీలోంచి లేచాడు. "నాదే కదమ్మా. ఇచ్చేయండి, పుచ్చుకుంటాను," అన్నాడు.

ఆమె అతని వైపు చూసింది. ఆ నొప్పి ఎలాంటిదో ఈ గదిలో తనకి, అతనికి తప్ప ఎవరికీ తెలియదు. అతను దాన్ని ఇరవై ఏళ్లు మోశాడు. ఈవేళ తనది, రేపు ఇంకొకరిది, ఎల్లుండి ముప్పై ఒక్కరిదీ తిరిగి పుచ్చుకుంటాడు ఈ మనిషి. తెలియక తెచ్చుకున్నదాన్ని, తెలిసి ఎలా ఇస్తుంది?

"వద్దండీ," అంది. డాక్టరు వైపు తిరిగి, పొద్దుటి నుంచి చేతిలో నలుపుతున్న రిపోర్టుని బల్ల మీద పెట్టింది. "నాకు నయం చెయ్యక్కర్లేదు. నిజం రాయండి. నాకే కాదు, మిగిలిన ముప్పై మందికీ రాసి పంపించండి."

"రాస్తే ఈ యంత్రాన్ని ఆపేస్తారు," అన్నాడు పరాంకుశం. అతని గొంతులో బెదిరింపు లేదు, అలసట ఉంది. "మీలాంటి అమ్మాయే ఇంకొకరు వస్తారు. తలనొప్పేలే అని అందరూ పంపేస్తారు. ఆమె కళ్లు పోతాయి. దానికి ఎవరు బాధ్యులు?"

హైమవతికి అది తెలుసు. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఈ గదిని, ఆయన ముఖాన్ని తను చూడగలుగుతున్నదే ఆ కుర్చీ వల్ల.

"ఆపమని నేననడం లేదండీ," అంది చివరికి. "చెప్పి కూర్చోబెట్టండి. ఆ రోజు నాకు చెప్పినా నేను కూర్చునేదాన్నే. కళ్లు కావాలంటే వేలు పోతుందంటే, వేలే పోనిమ్మనేదాన్ని. అది మీరు నన్నడగలేదు."

పరాంకుశం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కలం తీశాడు. పాత వాక్యం కొట్టేసి, దాని కింద రాశాడు. రోగి చెబుతున్న లక్షణాలన్నీ వాస్తవమనీ, ఈ కేంద్రంలోని యంత్రం ద్వారా ఇంకొకరినుంచి ఆమెకి సంక్రమించాయనీ. సంతకం పెట్టి తారీఖు వేశాడు.

ఆమె ఆ కాగితాన్ని తను చదవకుండా వీరభద్రం చేతికిచ్చింది. అతను రెండుసార్లు చదివాడు. మెట్లు దిగుతూ, క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటూ, దొరక్క, ఆమె కుడిచెయ్యి పట్టుకుని, "ఇప్పుడు ఉందా, లేదా?" అన్నాడు. ఉందంది.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. ఉత్తరాలు వెళ్లాయి. పత్రికల్లో వచ్చింది. విచారణ సంఘం వేసి యంత్రానికి సీలు వేశారు. పరాంకుశాన్ని ఏడాదిపాటు వైద్యం చేయవద్దన్నారు. కోటిలింగానికి పని పోయింది. వాల్వులాంటిదేదో తయారుచేసి, రోగి ఒప్పుకోలు ముందుగా రాయించుకుని, యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలల్లో ఎవరి కళ్లు పోయాయో ఎవరూ లెక్క తీయలేదు. తలనొప్పని ఎవరైనా అంటే హైమవతి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగిపోతుంది.

కానీ ఉత్తరాలు అందిన వాళ్లు ఊరుకోలేదు. విజయనగరం నుంచి ఒకరు, తుని నుంచి ఒకరు, పార్వతీపురం నుంచి ఇద్దరు, ఇలా ఆరా తీస్తూ కోటిలింగం ఇంటికి చేరారు. ముందు కోపంతోనే వెళ్లారట. అతను తలుపు తీసి, జేబులోంచి చెయ్యి తీసి చూపించాక, గుమ్మంలోనే ఆగిపోయారట. ఇరవై ఏళ్లలో ఏ డాక్టరూ చెప్పనిది అతను తనంతట తనే ఒకటి నేర్చుకున్నాడు. గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, వంగిపోయిన వేలిని మనసులోనే కొంచెం కొంచెంగా ముందుకి తేవడం. అది వాళ్లకి నేర్పడం మొదలుపెట్టాడు.

నెలకో ఆదివారం అనకాపల్లిలో ఒక కల్యాణ మండపం భోజనాల హాలులో అందరూ కలుస్తున్నారు. హైమవతి మొదటిసారి వెళ్లిన రోజు ముప్పై ఒక్కరిలో ఇరవై ఆరుగురు వచ్చారు. బల్లల మీద వరసగా బేసిన్లు. వీరభద్రం బాయిలరు దగ్గర నిలబడి, వేడి సరిపోయిందో లేదో చేత్తో చూసి మరీ నీళ్లు పోస్తున్నాడు. ఎవరి వేలూ తెగలేదు. అందరూ తెగిన వేలిని సరిచేసుకుంటూ కూర్చున్నారు.

"లాగకండి. అది బెదిరిపోయుంది," అంటూ కోటిలింగం బల్లల మధ్య తిరుగుతున్నాడు. "ముందు దానికి వెచ్చదనం తెలియనివ్వండి. అదే వస్తది."

హైమవతి కళ్లు మూసుకుంది. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత లోపలెక్కడో ముడి సడలినట్టయింది. వేలు అంగుళంలో పావువంతు ముందుకొచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఊపిరి అడుగుదాకా తీసుకుని కళ్లు తెరిచింది. కోటిలింగం ఎదుటి కుర్చీలో కూర్చుని, తన చేతిని కూడా ఒక బేసినులో ముంచి ఉంచాడు.

అతనికి ఎలా ఉందని అడిగింది.

అతను నీళ్లలోకి చూస్తూ, "నాకేటీ తెలీటం లేదమ్మా," అన్నాడు. "ముందు నొప్పి పోయింది. పోతే మంచిదే అనుకున్నాను. ఈ మద్దిన ఏలు కూడా ఎల్లిపోయింది. ఎంత ఎతికినా దొరకటం లేదు. నొప్పెట్టినన్నాళ్లూ ఉందనే ఉండేది."

హైమవతి తన చేతిని నీళ్లలోనే ఉంచి, కళ్లు మూసుకుని, వేలు ఎక్కడుందో జాగ్రత్తగా చూసుకుంది.

"కొంచెం ముందుకొచ్చిందండీ," అని చెప్పింది. "కణుపు దగ్గర ఇంకా బిగువుగానే ఉంది. గోరు చివర మాత్రం వెచ్చగా తెలుస్తోంది."

కోటిలింగం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. దూరాన ఉన్న సొంత మనిషి క్షేమం చెబుతుంటే వింటున్నట్టు ముందుకి వంగి, "ఇంకా సెప్పండమ్మా," అన్నాడు.